గాలి పోయే చోటు

కారును తాళ్లతో లాక్కొచ్చి షెడ్డులో పడేసినప్పటి నుంచి మెకానిక్ దాని జోలికి పోలేదు. ముందు భాగం గోడకు గుద్దుకుని నుజ్జయింది. పక్క సీట్లో ఉన్న అతని అక్క ఆ గోడ దగ్గరే పోయింది. నడుపుతున్న బావకు చెయ్యి మాత్రం విరిగింది.

"ఆ సీలు మార్చింది నువ్వే గదరా" అని అమ్మ ఒక్క మాట అంది. తర్వాత కొడుకు చేతి మంచినీళ్లు కూడా ముట్టలేదు.

అది బావ తండ్రి వాడిన పాతకాలపు కారు. వెనక చక్రాల్ని కలిపే యాక్సిల్ నుంచి నూనె కారుతోందని బావ రెండుసార్లు తెచ్చాడు. రెండుసార్లూ మెకానిక్ ఎడమ చక్రం దగ్గర నూనెను ఆపే రబ్బరు సీలు మార్చాడు. "నీ సీలు కన్నా మా ఇంటి చూరు నయంరా, వాన పడితేనే కారుతుంది" అని అక్క ఎగతాళి చేసింది. మూడోసారి తెచ్చేలోపే దిగుడు రోడ్డులో బ్రేకు పట్టలేదు.

ఇవాళ చక్రం ఊడదీశాడు. తప్పు తనదో కాదో తెలియకుండా ఇక బతకలేడు.

బ్రేకు డ్రమ్ము లాగాడు. బ్రేకు లైనింగు నూనెలో నాని ఉంది. సీలు తీసి వెలుతురుకు పట్టాడు. అంచు చిరగలేదు. సీలు మధ్యలో తిరిగే షాఫ్టు మీద వేలు తిప్పాడు, గీత లేదు. బేరింగు వదులు కాలేదు.

మంచి సీలును దాటి నూనె రావాలంటే లోపలి నుంచి ఏదో తోయాలి.

యాక్సిల్ పైన తడిమాడు. నూనె వేడెక్కితే లోపలి గాలి పోవడానికి అక్కడ చిటికెనవేలంత మూత, దానికి సన్నటి బెజ్జం ఉంటాయి. మూత దొరికింది. బెజ్జం తగల్లేదు. నల్లరంగు, నున్నగా, రెండు పూతలు. విప్పి, నోట్లో పెట్టుకుని ఊదాడు. బుగ్గలు పొంగాయి తప్ప గాలి పోలేదు.

ముందు గుండె తేలికపడింది. తేలికపడినందుకు తన మీద తనకే రోత పుట్టింది.

బావ తలుపులకు రంగులు వేసే మనిషి. సందు మిగిలితే చెయ్యి కడుక్కోడు. తండ్రి కారుకు అడుగున కూడా తనే వేశాడు.

అప్పుడే బావ వచ్చాడు, అమ్మ అతని మోచేయి పట్టి నడిపిస్తుంటే.

"సీలేనా?"

"కాదు బావా."

మూతను అతని చేతిలో పెట్టి, గాలి పోయే బెజ్జం ఎక్కడుండాలో చూపించాడు. తన పని గుర్తుపట్టడానికి బావకు ఎంతోసేపు పట్టలేదు.

"బోల్టు అనుకున్నా" అన్నాడు. "అన్నిటికీ వేశా."

"రెండుసార్లు కింద దూరాను. నేనూ చూడలేదు."

"మంచితనానికి పోకు."

"మంచితనం కాదు. కారిన చోటే చూశాను."

"నాకు తెలిసేటట్టు చెప్పండి" అంది అమ్మ.

బావ మూతను పెదాల మధ్య పెట్టి ఊదాడు. మెడ నరాలు తేలాయి.

"ఇందులోంచి గాలి పోవాలంట అత్తయ్యా. నేను మూసేశాను. లోపలి గాలి నూనెను బ్రేకులోకి తోసింది."

అమ్మ దాన్ని తీసుకుని బొటనవేలి గోటితో గీకింది. రంగు ఊడలేదు.

"ఇంత దానికా" అంది.

మూతను బల్ల మీద పెట్టింది. అల్లుడి మోచేయి వదిలేసి, ఒక్కతే గేటు దాటింది. వెనక్కి చూడలేదు.

"నేనెక్కడికి పోనురా?" అన్నాడు బావ.

మెకానిక్ స్టూలు అతని వైపు జరిపాడు.