నెమ్మదిగా వెళ్లేటప్పుడు

"బండికేం రోగం లేదు. నీ కాలే వణుకుతోంది" అన్నాడు భర్త, కంచంలోంచి తలెత్తకుండా. మారు వడ్డిస్తున్న ఆమె చెయ్యి మాత్రం వణకలేదు. ఆ సంగతి ఎవరూ గమనించలేదు. "మొదట్నుంచీ దానికి కంగారెక్కువ" అని అత్తగారు నవ్వింది.

అతను కొత్త కారు కొనుక్కున్నాక పాతది ఆమె వాటాకి వచ్చింది. దాంతోపాటు ఇంటిచాకిరీలో బయట తిరిగి చేసేదంతా వచ్చింది. కూతుర్ని కాలేజీలో దించడం, అత్తగారిని ఆసుపత్రికి తిప్పడం, కూరగాయలు, మందులు, ఆపైన తన ఆఫీసు. అన్నీ ఇరుకు సందులు, నెమ్మదిగా వెళ్లాల్సిన దారులు. సరిగ్గా బండి ఆగబోయే ముందే బ్రేకు పెడలు పాదం కింద టకటకా కొట్టుకుని వెనక్కి తన్నేది. బండి ఆగాల్సిన చోట ఆగక ఇంకో బారెడు ముందుకు పోయేది. బ్రేకుల్లో తేడా ఉంటే వెలిగే, ఏబీఎస్ అని రాసున్న పసుపు దీపం ఒకసారి వెలిగేది, ఒకసారి ఆరిపోయేది.

పరీక్షిస్తానని అతను ఓ ఆదివారం దాన్ని పెద్ద రోడ్డెక్కించాడు. రివ్వున వెళ్లి రివ్వున వచ్చాడు. "ఠక్కున ఆగుతోంది" అన్నాడు. నెమ్మదిగా నడిపి చూడండి అంటే, "నెమ్మదిగా నడిపేవాళ్లకి బ్రేకెందుకే?" అని జోకేశాడు. మెకానిక్ దగ్గరికి ఆమే తీసుకెళ్తే, ఆ రోజే దీపం వెలగలేదు. మెకానిక్ ఆమె మాట సగం విని, భర్తకు ఫోను చేసి, "సార్ బానే ఉందంటున్నారు మేడమ్" అని తాళాలు చేతిలో పెట్టాడు. నడిపేది ఆమె, బాగుందని చెప్పేది సారు.

అందరూ ఒకే మాట అంటుంటే మనిషికి తన మీదే అనుమానం పుడుతుంది. ఆమె డాక్టరు దగ్గరికి వెళ్లి కాలు వణుకుతోందని చెప్పింది. ఎప్పుడని ఆయన అడిగితే, బ్రేకు తొక్కినప్పుడు అనడానికి సిగ్గేసి, "అప్పుడప్పుడు" అంది. నరాల బలానికి మాత్రలు రాశాడు. బండికున్న జబ్బుకి ఆమె చలికాలమంతా మందు మింగింది. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

ఈమధ్యే కూతురికి లైసెన్సు వచ్చింది. ఈ పొద్దున సందు చివరిదాకా వెళ్లొచ్చి, గేటు ముందు బండి దిగి, మొహం పాలిపోయి నిలబడింది. మలుపులో ఓ ముసలాయన అడ్డొచ్చాడట. ఆయన చేతికర్ర బంపరుకు తగిలి ఎగిరిపడిందట.

"ఆగలేదమ్మా. తొక్కుతూనే ఉన్నా. నా కాలు వణికిందేమో."

గుమ్మంలో బూట్లు వేసుకుంటున్న తండ్రి నవ్వాడు. "అచ్చం తల్లి పోలికే!"

ఆమె కూతురి చేతిలోంచి తాళాలు తీసుకుంది. "నీ కాలు బానే ఉంది, బంగారం. నా కాలూ బానే ఉంది." బండెక్కి, నాలుగు బారలు వెనక్కి పోనిచ్చి, అద్దం దించింది.

"ఏమండీ, ఓసారి వచ్చి గేటు ముందు నిలబడండి. నేను నెమ్మదిగా వచ్చి, మీ దగ్గర బ్రేకు వేస్తాను."

అతను నవ్వబోయి, ఆమె మొహం చూసి మానుకున్నాడు. "పిచ్చి పట్టిందా నీకు?"

"రండి. బండి మీద మీకు నమ్మకమే కదా."

ఒక కాలికి బూటు, ఒక కాలికి మేజోడు. అతను మెట్టు దిగలేదు. ఆమె ఇంజను ఆపేసి కూతురి వైపు తిరిగింది.

"చూశావా? మీ నాన్నకి తెలుసు."