రుహీ వాటా పాలు

ముందే చెబుతున్నాను, తప్పులు మన్నించండి. నాకు అక్షరాలు యాభై మూడో ఏట వచ్చాయి. ఒత్తులు ఎక్కడ పడతాయో ఇంకా తడబడతాను. చేయి కంటే ఆలోచన ముందు పోతుంది, దాన్ని వెనక్కి పిలుచుకోవడానికే సగం పొద్దు గడుస్తుంది. ఈ నాలుగు పేజీలకు పదకొండు రోజులు పట్టింది. మధ్యలో కోళ్లు, మేకలు, మనవరాలు ఎవరి అవసరానికి వాళ్లు నన్ను లేపుతూనే ఉన్నారు.

మా ఇంట్లో రోజు కోళ్లగంప దగ్గర మొదలవుతుంది. గంప కొద్దిగా ఎత్తి, ఒక్కొక్క పెట్టను చంకలో పెట్టుకుని, వెనక వేలితో తడిమి చూడాలి. గుడ్డు తగిలితే ఆ పెట్టను మళ్లీ గంప కిందికే తోయాలి. వదిలితే పక్కవాళ్ల గడ్డిలో పెట్టి వస్తుంది. ఈ పని నాకు మా అత్త నేర్పింది. ఆమె వేలు అబద్ధం ఎరగదు. "నల్లదానికి ఉన్నది, ఎర్రదానికి ఉన్నది, బోడమెడది రేపు పెడ్తది" అని పొద్దున్నే చెప్పేసేది, సాయంత్రానికి అన్ని గుడ్లూ ఆమె ముందు ఉండాలి. అవన్నీ పొదగడానికే. పిల్లలు అడిగితే, "అది గుడ్డు అనుకుంటానవా? కోడిని తింటానవే నువ్వు" అనేది.

నా పెద్దబిడ్డ జరీనా తట్టు పోసి లేచిన ఏడు, చేతులు రెండు పుల్లల్లా అయ్యాయి. ఒకనాడు ఎర్రపెట్ట గుడ్డును అన్నం ఉడికే గిన్నెలో వేసి ఉడికించి, పెంకు బూడిదలో దాచి, దానికి తినిపించాను. మధ్యాహ్నానికే అత్త అడిగింది: "పొద్దుగాల ఎర్రదాని కడుపుల ఉన్నది. ఇప్పుడు లేదు. భూమి మింగిందా?" ముంగిస ఎత్తుకుపోయిందని చెప్పాను. పదిహేను రోజులు ఆ లేని ముంగిస కోసం ఇల్లంతా వెతికించింది. గోడ అడుగున కంత ఒకటి దొరికితే, దాన్ని పూడ్చమని కొడుకును పిలిచింది. నా భర్త గౌస్ పాషా జరీనా గదవకు అంటిన పచ్చసొన ఆ రోజే చూశాడు. చూసి, తన తువ్వాలుతో తుడిచి, నాతో ఒక్క మాట అనలేదు. తర్వాత తల్లి చెప్పగానే రాళ్లు తెచ్చి, మట్టి పిసికి, ఆ కంతను ఎంతో శ్రద్ధగా పూడ్చాడు. ఆ మనిషిని నేను ఇప్పటికీ ఇష్టంగా తలుచుకోవడానికి అదొక కారణం. బిడ్డకు ఒక గుడ్డు పెడితే ఏమైందమ్మా అని తల్లిని అడగలేకపోయాడు, అదీ అప్పుడప్పుడు గుర్తొస్తుంది. రెండూ ఒకే మనిషి చేసినవి కాబట్టి నేను రెండింటినీ విడదీయలేను.

ఆయన పోయి ఏడేళ్లు. కొడుకు సోహెల్ ఆటో నడుపుతాడు, మేకలు చూస్తాడు. కోడలు ఫిర్దోస్ ఇంటర్ చదివింది. కొత్తగా వచ్చినప్పుడు, నేను బ్యాంకులో వేలిముద్ర వేసి ఆ సిరా కొంగుకు తుడుచుకోవడం చూసింది. "అత్తమ్మా, మీ పేరుల మూడే అక్షరాలున్నయి. మూడు రొట్టెలు చేసినంత సేపు పట్టది" అంది. మూడు రొట్టెలు కాదు, మూడు వారాలు పట్టింది. అయినా విసుక్కోలేదు. నా చేయి పట్టుకుని పలక మీద దిద్దించింది. నా కన్నతల్లి కూడా నా చేయి అంతసేపు పట్టుకోలేదు, ఆమెకు ఎప్పుడూ ఏదో ఒక పని ఉండేది.

రుహీ నా మనవరాలు. పోయిన చలికాలంలో దానికి రెండేళ్లు నిండబోతుండగా అంగన్‌వాడీలో తూకం వేశారు. టీచరు శోభారాణి కార్డు నా చేతికే ఇచ్చింది.

"జాహెదక్కా, చదువు నేర్చినవు గదా, నువ్వే చదువు."

చదివాను. ఆకుపచ్చలో మొదలైన బరువు గీత పసుపులోకి దిగింది.

"మీ ఇంట్ల మేక ఈనింది, కోళ్లున్నయి. పోరి ఏం తాగుతాంది?"

"చాయ్ తాగుతది. బిస్కెట్ ముంచి పెడ్తం."

"పాల చాయా, నల్ల చాయా?"

నేను కార్డు మడిచాను. ఫిర్దోస్ తల దించుకుంది.

"నేనిచ్చే గుడ్లు ఎవరు తింటాన్రో నేను అడగ. నాకు ఎరుకే. వచ్చే నెల గిట్లనే ఉంటే దవాఖానకు రాసిస్త. పద్నాలుగు దినాలు ఆడనే ఉంచుకుంటరు. ఇప్పుడే జర ఫికర్ చెయ్యుండ్రి."

ఆ సాయంత్రం సోహెల్‌కు కార్డు చూపించాను. రుహీని భుజాల మీద ఎక్కించుకుని ఉన్నాడు, అది వాడి జుట్టు లాగుతోంది. "పుట్టుకనే సన్నం అమ్మీ ఇది. జరీనా అక్క లెక్క. గట్టి పిండం, నువ్వేం ఫికర్ చెయ్యకు" అని నవ్వాడు. అంగన్‌వాడీ గుడ్లు మళ్లీ పొద్దున వాడి ఆమ్లెట్‌లోకే పోయాయి. పనికి పోయేవాడు కదా అని నేనే పోశాను. కోళ్ల గుడ్లు పొదగడానికి పెట్టాను. పాలంటారా, మా ఇంట్లో మేకను పితకరు. గౌస్ పాషా ఎప్పుడూ అనేవాడు, "మేకకు రెండే చన్నులు, రెండు పిల్లలు. అల్లా లెక్క తప్పడు. మూడోది ఉంటే మనకిచ్చేటోడు" అని. అందరం నవ్వేవాళ్లం. ఆ నవ్వులోనే మాట గట్టిపడిపోయింది. ఈసారి కూడా రెండు పిల్లలు, ఒక పోతుపిల్ల, ఒక ఆడపిల్ల. పోతుపిల్లను ముందు వదలాలి, అది కడుపునిండా తాగాక ఆడపిల్లను వదలాలి. ఆడదానికి మిగిలినంతే. ముప్పై ఏళ్లుగా ఇట్లా వదులుతున్నాను, ఒక్కరోజు కూడా నాకేమీ తట్టలేదు. ఈ మాట రాయడానికి ఒక రోజంతా పట్టింది.

పోతుపిల్ల వచ్చే ఏడు బక్రీదుకు. అందుకని సోహెల్ ప్రతి శుక్రవారం నమాజు నుంచి వచ్చాక, కొట్టం దూలానికి కొక్కెం కాంటా తగిలించి, గోనెసంచిలో పిల్లను వేసి తూస్తాడు. వారం వారం బరువు వాడికి నోటికి వస్తుంది. కార్డు వచ్చిన తర్వాత రెండు శుక్రవారాలు పోతుపిల్ల బరువు సరిగా పెరగలేదు. పక్కింటి మొగిలమ్మ గోడ మీద నుంచి చూసి తేల్చేసింది.

"జెర్రిపోతు తాగుతాంది జాహెదక్కా! పొద్దు పొడవకముందు వచ్చి మేక కాళ్లకు చుట్టుకుంటది. నోట్లె చన్ను పెట్టుకొని తాగుతది. మా తాత కండ్లార చూసిండు."

సోహెల్ నమ్మాడు. నేనూ నమ్మాను. పాము పాలు తాగుతుందన్నది మా ఊళ్లో ఎవరూ అనుమానించని సంగతి. వాడు కొట్టం చుట్టూ ఫినాయిల్ పోశాడు. నేను గురువారం అజాన్ కాకముందే లేచి, కర్ర పట్టుకుని కొట్టం వెనక రాయి మీద కూర్చున్నాను.

పాము రాలేదు. ఫిర్దోస్ వచ్చింది. గాజులు చప్పుడు కాకుండా మోచేతి దాకా పైకి తోసుకుంది. మేక మెడ నిమిరింది, ఏదో చెప్పింది దాని చెవిలో. స్టీలు గ్లాసు కింద పెట్టి, పోతుపిల్ల ఎక్కువగా తాగే వైపు చన్ను పట్టుకుంది. ఆడపిల్లకు మిగిలే వైపు ముట్టలేదు. సగం గ్లాసు నిండగానే ఆపేసి, కొంగు కింద పెట్టుకుని వెనక్కి తిరిగింది. ఎదురుగా నేను, చేతిలో కర్ర.

"తప్పైంది అత్తమ్మా. ఇగ తియ్య. ఆయనకు చెప్పకుండ్రి."

ఆ మాట నా మెడ మీద చేయి వేసినట్టయింది. తన మేక కొట్టంలో నిలబడి, తన బిడ్డకు పాలు పట్టినందుకు, ఒక తల్లి నన్ను క్షమించమంటోంది. నా చేతిలో కర్ర ఇంకా ఉంది. ముంగిస అని అబద్ధం చెప్పిన రోజు మా అత్త ఎదుట నేను ఎట్లా నిలబడ్డానో, ఈ పిల్ల నా ఎదుట అట్లాగే నిలబడింది. నేను ఎప్పుడు మా అత్తనయ్యానో నాకు తెలియదు. ఎవరూ చెప్పలేదు కూడా.

కర్ర గోడకు ఆనించాను. "కాచినంకనే తాగిస్తానవా? పచ్చివి పోస్తే పోరికి కడుపుల నొప్పి లేస్తది."

"కాచే పోస్తున్న."

"ఎన్ని దినాలాయె?"

"కార్డు చూసిన కాన్నుంచి."

"నన్ను అడిగితే అయిపోతుండె గదనే."

గ్లాసును కొంగుతో కప్పుకుంది. "మామయ్య మాట మీరు దాటరు గదా" అంది.

నాకు జా, హె, దా దిద్దించిన పిల్ల, నన్ను సగం గ్లాసు పాలు అడగలేకపోయింది. గ్లాసు తీసుకున్నాను. వెచ్చగా ఉంది. పొయ్యి మీద పెట్టి నేనే కాచాను. రుహీ లేచి, మూతికి పాల మీసాలు తెచ్చుకుని తాగి, గ్లాసు అడుగు నాకితే ముక్కు ఇరుక్కుంది. అత్తాకోడళ్లం నవ్వుకున్నాం. నవ్వుతూనే నేను రెండు దారులు చూస్తున్నాను. జెర్రిపోతే అని కొడుకుతో అనేయొచ్చు. గౌస్ పాషా కంత పూడ్చినట్టు నేనూ ప్రేమగా, చప్పుడు లేకుండా పూడ్చేయొచ్చు. అప్పుడు ఫిర్దోస్ రోజూ గాజులు పైకి తోసుకునే పోవాలి. కార్డులో గీత ఇంకా కిందికి దిగకుండా ఉండాలంటే నా మనవరాలు దొంగ పాలే తాగాలి.

మరునాడు శుక్రవారం. సోహెల్ కాంటా తగిలించాడు. "చూసినవా అమ్మీ! పోయిన శుక్రారం తొమ్మిదింబావు, ఇయ్యాల గదే తొమ్మిదింబావు. జెర్రిపోతు నా కొంప ముంచింది."

"నేను జెప్పలేదా!" అంది గోడ మీద మొగిలమ్మ.

"జెర్రిపోతు దొరికింది బిడ్డా" అన్నాను.

"దొరికిందా? చంపినవా?"

"లేదు. పాలు కాచి పోసిన. ముక్కు దాకా తాగింది. ఇగో, నీ కాళ్ల కాడనే ఉన్నది."

వాడు ఉలిక్కిపడి కిందికి చూశాడు. రుహీ వాడి లుంగీ పట్టుకుని నిలబడి ఉంది. మొగిలమ్మ పకపకా నవ్వింది. సోహెల్ నవ్వలేదు.

"ఎవరు పితుకుతాన్రు?"

"నేనూ, నీ పెండ్లామూ" అన్నాను. అందులో సగం నిన్నటి నుంచే నిజం.

"నాయిన ఉంటే ఏమనేటోడు? మేకలు నావి అమ్మీ. మేపేది నేను, అమ్మేది నేను. ఎవరికెంత తాగియ్యాలో నాకు ఎరుక లేదా?"

"సరే. పోతుపిల్ల బరువు చెప్పినవు. నీ బిడ్డ బరువెంత? చూడకుండ చెప్పు."

తడబడ్డాడు. "పది... పదకొండు ఉంటది."

మేకపిల్లను దించి, సంచి దులిపి, నా పాత చీర మడత పరిచి రుహీని కూర్చోబెట్టి కొక్కేనికి తగిలించాను. ఊయల అనుకుని కాళ్లు ఊపింది. ముల్లు అటూ ఇటూ ఊగి ఎనిమిదిన్నర దగ్గర ఆగింది. పక్కన రెండున్నర నెలల పోతుపిల్ల గడ్డి కొరుకుతోంది. మొగిలమ్మ మెల్లగా గోడ దిగిపోయింది.

"గింతేనా?" అన్నాడు సోహెల్. వాడి గొంతు చిన్నప్పటిలా ఉంది. సంచి ఊగకుండా రెండు చేతులతో పట్టుకున్నాడు, తర్వాత బిడ్డను తీసి భుజానికి ఆనించుకున్నాడు. చాలాసేపు వీపు నిమిరాడు. నా కొడుకు చెడ్డవాడు కాదు. వాళ్ల నాయన కూడా కాదు.

"తాగియ్యుండ్రి" అన్నాడు. "రేపటికెల్లి గుడ్డు కూడ పెట్టుండ్రి. గని పాలు ఒక్క పూటనే. పోతుపిల్ల పడిపోతే నా మేకలు ఏం కావాలె?"

ఫిర్దోస్ ముఖం వెలిగింది. అది చూసి నాకు సంతోషమూ, గుబులూ ఒకేసారి కలిగాయి. వాడు ఇచ్చింది అనుమతి. ప్రేమతోనే ఇచ్చాడు. కానీ ఇచ్చినవాడు ఒక ఎండాకాలం గడ్డి దొరక్కపోతే వెనక్కి తీసుకోగలడు. రుహీ పాలు వాడి మనసు బాగున్న రోజుల మీద ఆధారపడకూడదు అనిపించింది. ఆ రాత్రే కాదు, ఆ వారమంతా అనిపిస్తూనే ఉంది. అంట్లు తోముతూ ఒక సంగతి గుర్తు చేసుకున్నాను. ఈ మేకల తొలి తల్లిని పరకాల నుంచి మా అమ్మ నడిపించుకుంటూ తెచ్చింది, జరీనా పుట్టినప్పుడు. "పాలకు తెచ్చిన" అని మా అత్త చేతికి తాడు ఇచ్చింది. ఆనాటి నుంచి అవి గౌస్ పాషా మేకలు. పేడ ఎత్తింది నేను, ఈతకు చేయి పెట్టింది నేను, వానలో ఇంట్లోకి తెచ్చి నా పక్కలో పడుకోబెట్టుకున్నది నేను.

వారం తిరగకముందే పశువుల దవాఖాన నుంచి భవాని వచ్చింది, మేకలకు టీకాలు వేయడానికి. మూడింటికీ సూది వేసి, చెవులకు కొత్త బిళ్లలు కొట్టి, పుస్తకం తెరిచింది.

"ఎవరి పేరు రాయాలె? పాత పుస్తకంల గౌస్ పాషా అని ఉన్నది."

"నాయిన లేడు గద. నా పేరు రాయి, సోహెల్" అన్నాడు వాడు, పోతుపిల్ల కాళ్లు పట్టుకుని.

"పుస్తకం జర ఇటియ్యి బిడ్డా" అన్నాను.

"అమ్మా, నాకింకా పన్నెండిండ్లు తిరిగేదున్నది..." అంటూనే ఇచ్చింది, పెన్ను కూడా.

"అమ్మీ, ఏం రాస్తానవు?"

రాస్తూ మాట్లాడటం నాకు ఇంకా రాదు. ఫిర్దోస్ రుహీని చంకన వేసుకుని నా భుజం వెనక నిలబడింది, ఈసారి నా చేయి పట్టుకోలేదు. ఒక్కొక్క గడి నింపాను.

మేకలు: మూడు. యజమాని: జాహెదా. వయసు: యాభై ఎనిమిది. ఊరు: ధర్మసాగర్.