పంకజం నుదుటి మీద అక్కి

అక్కి అంటే ఒంటికి ఒకే పక్కన, పట్టీ కట్టినట్టు వరసగా లేచే నీళ్ల పొక్కులు. తమిళనాడులో మా రాజపాళయం చుట్టుపక్కల దానికి మందు వేయరు, రాస్తారు. కుమ్మరి వచ్చి కావిరాయి అరగదీసి, కోడి ఈకతో పొక్కుల మీద సింహం బొమ్మ గీస్తాడు. మూడు రోజులు ఆ బొమ్మ మీద నీళ్లు పడకూడదు, వేరే మందు మింగకూడదు. సింహం అక్కిని తినేస్తుందని నమ్మకం.

నాకు పెళ్లికి ముందు ఏడాది వీపు మీద అక్కి లేచింది. కుమ్మరి చెల్లప్ప వాళ్ల నాన్న వచ్చి సింహం గీశాడు. ఆ సంగతి మా ఆవిడ పంకజానికి మొదటిసారి చెప్పినప్పుడు అది మామూలు బొమ్మే. పిల్లలు పుట్టాక చెప్పినప్పుడు అది గుర్రుమనడం మొదలుపెట్టింది. మనవళ్లు వచ్చేసరికి, అడవిపంది ఎదురైనా వెనక్కి తగ్గని మా పక్కింటి వేటకుక్క నా వీపు చూసి మంచం కింద దూరి, మూడు రోజులు కూటికి కూడా బయటికి రాలేదు. వీపు మీద ఒక మచ్చ ఉంది. అది సింహం గోరు గీసుకుపోయిన చోటని చెప్పాను. నలభై ఎనిమిదేళ్లు ఇంట్లో ఎవరూ కాదనలేదు.

మొన్న ఎండలు ముదిరిన రోజుల్లో పంకజానికి ఎడమ నుదురు మంట పుట్టింది. తలకు పోసుకున్నప్పుడు సీకాయ పడి మండుతోందనుకుంది. రెండు రోజులకు, సోమవారం పొద్దున, కనుబొమ నుంచి జుట్టు దాకా పొక్కులు లేచాయి. మంగళవారానికి ముక్కు కొన మీద ఒకటి తేలింది. కన్ను ఎర్రబడింది.

"అక్కే ఇది. చెల్లప్పకు ఫోన్ చేయండి," అంది.

"కన్ను ఎర్రగా ఉంది. డాక్టర్‌కు ఒక తూరి చూపిస్తామే."

"మీ వీపును కాచిన సింహం నా మొగానికి రాదా? ఆస్పత్రి మాత్ర మింగితే అక్కి లోపలికి పోతుందని మీరే గదా చెప్పినారు."

అదీ నేను చెప్పిందే. ఫోన్ చేశాను.

చెల్లప్ప సత్రపట్టి నుంచి పది గంటలకు వచ్చాడు. అతనిది తమిళమే గాని, మా వీధిలో తిరిగి తిరిగి మా తెలుగు పట్టుబడింది. రాయి కడుక్కుని, కావి అరగదీశాడు. ఈక ముంచాడు. పంకజం గడ్డం పట్టుకుని మొహం వెలుగు వైపు తిప్పి, ముక్కు కొన చూసి, ఈక కింద పెట్టేశాడు.

"అక్కా, దీనికి నేను రాయను."

"ఏమి చెల్లప్పా, కావి చాల్లేదా?"

"కావి ఉంది. పోయిన ఏడు తళవాయిపురంలో ఒకామెకు ఇట్లే రాసినాను. ఆమెకీ ముక్కు కొనలో ఒక పొక్కు. మూడు రోజులు నీళ్లు తగలనీలేదు, మాత్ర మింగలేదు, నేను చెప్పిందంతా చేసింది. నాలుగో దినం కన్ను తెల్లబడింది. ఇప్పుడు ఆ కంట వెలుతురు తప్ప ఏమీ కనపడదు. అప్పటి నుంచి మెడకు పైన నేను ముట్టేది లేదు. కంటి డాక్టర్ దగ్గరికి పోండి, ఈ దినమే."

"నీకు చేయి వణికితే ఆ మాట చెప్పు. మీ నాయన రాసింది ఊరికంతా తెలుసు," అని నా వైపు తిరిగింది. "చెప్పండి వీడికి. సింహం కథ చెప్పండి."

అన్నేళ్లలో ఆ కథ చెప్పమని అడిగిన మొదటి మనిషి మా ఆవిడే. ఎర్రబడిన ఆ కంటితోనే నన్ను చూస్తోంది.

"సింహం ఏమీ తినలేదు పంకజం," అన్నాను. "నాకు ఇరవై రెండు దినాలు పట్టింది. గోక్కున్నాను, చీము పట్టింది. ఆ మచ్చ చీముదే."

"గోరు?"

"నా గోరే."

చెల్లప్ప నేల చూస్తూ అన్నాడు. "ఆమా అక్కా, నిజమే. మా నాయన మూడు తూర్లు వచ్చి గీసినాడు. ఈ అన్నాచ్చి చెమటకు మూడు తూర్లూ చెరిగిపోయింది."

పంకజం కొంగు నడుముకు దోపుకుంది.

"ఇన్నేళ్లూ అబద్ధం చెప్పినారో, నన్ను ఆస్పత్రికి లాగేదానికి ఇప్పుడు చెప్తా ఉండారో, నాకు తెలీదు. ఆ డాక్టరమ్మనే అడగతాను. ఆటో పిలవండి."

కంటి డాక్టర్ సుగంధి మా భాష మనిషే. కంట్లో రంగు చుక్క వేసి, నీలం వెలుగులో చాలాసేపు చూసింది. పంకజం గడ్డం ఆ మిషను మీద ఆనించి ఉండగానే నా సింహం సంగతంతా చెప్పి, నిజమా కాదా అని అడిగింది.

"మీకు చిన్నప్పుడు ఆటలమ్మ పోసిందా?" అంది డాక్టరమ్మ.

"ఎనిమిదేళ్లప్పుడు. చోళపురంలో. వేపాకు పరిచి పడుకోబెట్టినారు."

"ఆ క్రిమే ఇది. పొక్కులు మాడినా అది ఒళ్లు వదిలి పోదు. నరం మొదట్లో పడి నిద్రపోతుంది. అరవై ఏళ్ల తర్వాత, ఒంట్లో బలం తగ్గినప్పుడు, లేచి ఆ నరం వెంటే చర్మానికి వస్తుంది."

"పాము మాదిరి చుట్టుకుని తలా తోకా కలిస్తే మనిషి పోతాడంటారే."

"కుడికీ ఎడమకీ నరాలు వేరు వేరు. ఒక నరం వెంట వచ్చేది రెండో పక్కకు దాటడం అరుదు. అందుకే పెద్దోళ్లు కలవడం చూడలేదు, చూడనిదానికి భయపడినారు. మా అవ్వకు కూడా రాసినారమ్మా, కావి చల్లగా ఉంటుంది. చాలామందికి రాసినా రాయకపోయినా మూడు వారాల్లో మాడుతుంది. నయం చేసిన పేరు సింహానికి పోయింది."

"అయితే ఈయన చెప్పింది?"

"ఇరవై రెండు దినాలన్నది నిజం. ముక్కు కొనకూ కంటికీ ఒకటే నరం. అక్కడ పొక్కు వస్తే కంట్లోకి దిగే దారి తెరుచుకున్నట్టే. మాత్ర పొక్కు లేచిన మూడు దినాల్లోపల పడితేనే బాగా పని చేస్తుంది. మీకు ఇది రెండో దినం."

సింహానికి మనం ఇచ్చే మూడు రోజులూ, మాత్రకు ఉన్న మూడు రోజులూ ఒకటే. అది విన్నాక నేను బల్ల మీద కూర్చున్నాను. నల్లగుడ్డు అంచున చిన్న గీత పడిందని డాక్టరమ్మ చెప్పింది. అది అక్కడే నిలుస్తుందో లోపలికి పాకుతుందో ఇప్పుడే చెప్పలేనంది.

రోజుకు ఐదు మాత్రలు, గంటగంటకూ చుక్కలు. చుక్కలు నేనే వేశాను. పంకజం నాతో మాట్లాడకుండా కన్ను మాత్రం తెరిచేది. పది రోజులు ఇంట్లో ఇద్దరమూ గడియారం ముల్లుతోనే మాట్లాడుకున్నాం.

మూడు వారాలకు పొక్కులు రాలాయి. దువ్వెన తగిలితే నుదురు ఇప్పటికీ చుర్రుమంటుంది. ఆ నొప్పి కొందరికి నెలలు ఉంటుందట. నెల నిండాక చూపు పరీక్షకు పోయాం. డాక్టరమ్మ కుడి కన్ను మూసి, ఎడమ కంటితో గోడ మీది అక్షరాలు చదవమంది. నేను వెనక నుంచి అందించబోయాను.

"మీరు ఊరికే ఉండండి," అంది పంకజం. నెలలో నాతో అన్న అన్నిటికంటే పొడుగైన మాట అదే. "నా కంట్లో ఏమి మిగిలిందో నేను చూసుకుంటా."

మొదటి వరస చదివింది. రెండు, మూడు, నాలుగు. ఐదో వరసలో మూడో అక్షరం దగ్గర ఆగిపోయింది. డాక్టరమ్మ కాగితం మీద ఏదో రాసుకుంది.

"ముందు కూడా ఇంతేనా అమ్మా?"

"ముందు ఎవరు చూసినారు?"

ఇప్పుడు ఎడమ కన్ను మూయమంది. పంకజం జబ్బు సోకని కుడి కంటితో మళ్లీ మొదటి నుంచి చదివింది. ఐదో వరసకు వచ్చి, అదే మూడో అక్షరం దగ్గర ఆగింది.