కాంటాకు పెట్టిన పేరు

కరీంనగర్ రోడ్డు మీద అలియాబాద్ దాటగానే మా కాంటా వస్తుంది. బోర్డు మీద 'చోటే మియా ధర్మకాంటా' అని ఉంటుంది. చోటే మియా మా నాన్న. ఇప్పుడు కాంటా నడిపేది నేను, అయినా మోయిజ్ అనే నా పేరు ఆ బోర్డు ఎక్కలేదు. ఎక్కించాలని నాకూ అనిపించలేదు. ఈ వ్యాపారంలో తూకం కన్నా ముందు పేరు చూస్తారు. చోటే మియా కాంటా చిట్టీ చేతిలో పెడితే బియ్యం మిల్లులో లారీని మళ్లీ తూచరు. ఆ పేరు తీసేసి ఉత్తగా 'వేబ్రిడ్జి' అని రాయిస్తే డ్రైవరు ఆగకుండా ముందున్న కాంటాకు పోతాడు.

బోర్డుకు రంగు వేయించేటప్పుడు కూడా మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. పాత అక్షరాలు గీకి కొత్తవి రాయనివ్వం. పాత అక్షరం మీదే కొత్త రంగు దిద్దాలి, ఒకటి అయ్యాకే ఇంకొకటి. బతికున్న మనిషి పేరు కాసేపైనా బోర్డు మీద లేకుండా పోకూడదని మా అమ్మ పెట్టిన నియమం. అమ్మ పోయినా నియమం ఉంది. పెయింటర్లు నవ్వుకుంటూనే అలా వేస్తారు.

మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా చాలా కాంటాలకు ఒకే కంపెనీ కంప్యూటర్ ప్రోగ్రాం అమ్మింది. తర్వాత ఆ కంపెనీ మూతపడింది. కంప్యూటర్ పాడై కొత్తది కొంటే పాత ప్రోగ్రాం అందులో నడవదు. మాకు అదే జరిగింది. చిట్టీలు చేత్తో రాయడం మొదలుపెడితే మిల్లువాళ్లు మూతి ముడిచారు. అప్పుడు మా అమ్మాయి ఫిజా వచ్చింది. పెళ్లయ్యాక అల్లుడు అదీబ్‌తో మచ్చ బొల్లారంలో ఉంటోంది. పెర్ల్ అనే కంప్యూటర్ భాషలో పనిచేసే ఉద్యోగం చేసేది, పాప పుట్టాక మానేసింది. పాపను హజీరాకు, అంటే మా ఇంటావిడకు అప్పగించి, నా క్యాబిన్‌లో కూర్చుని అంకెలు చూడటం మొదలుపెట్టింది.

లారీ ఎక్కగానే తూకం ఒకచోట నిలబడదు. బ్రేకు వేసిన ఊపు ఉంటుంది, ట్యాంకులో డీజిల్ కదులుతుంది, డ్రైవరు దిగుతాడు. అంకె ఎగిరిపడుతూ ఉంటుంది. మోసం చేసేవాడు తనకు కావలసిన అంకె కనిపించగానే బటన్ నొక్కుతాడు. ఫిజా రాసిన ప్రోగ్రాం బండి ఊగడం ఆగేదాకా ఎవరు నొక్కినా అంకె ఇవ్వదు. పైగా అంకె చూపించే కాంటా డబ్బాలు ఒక్కో రకానివి ఒక్కోలా మాట్లాడతాయట. ఒకటి అంకెను తిరగేసి పంపుతుంది, ఇంకొకటి ముందు ఏవో గుర్తులు కలుపుతుంది. వాటన్నిటినీ అర్థం చేసుకునేలా రాసింది. చాలా రోజుల తర్వాత ఫిజా ముఖంలో ఉద్యోగం చేసేనాటి వెలుగు చూశాను.

"అబ్బా, దీన్ని అందరికీ పెడ్త," అంది. నన్ను అలాగే పిలుస్తుంది, అబ్బా అంటే నాన్న.

"ఊకెనేనా, పైసల్లేకుండ?"

"పెర్ల్ రాసేటోళ్లందరికీ ఒక పెద్ద గోదాం ఉంటది. సీప్యాన్ అంటరు. దునియల ఎవలైనా అందుల సరుకు పెట్టొచ్చు, ఎవలైనా తీసుకోవచ్చు. నేను ఇన్నేండ్లు పనిజేసింది అందులకెళ్లి తెచ్చుకున్న సరుకుతోనే. ఒక్కటన్న నేను పెట్టొద్దా? మనకొచ్చిన పరేషాన్ కాంటా ఉన్నోళ్లందరికీ ఉన్నదే. అందరు నాది వాడుకోవాలె, ఏమన్న చెడిపోతె నేనే బాగుచెయ్యాలె. గంతే."

ఈ 'గంతే' అన్నదే దానికి కావలసినదంతా. అది నాకు తెలుసు.

"మరి పేరు?"

"దాదా పేరే. చోటేమియా::కాంటా."

ఆ గోదాంలో పేర్లు అలా ఉంటాయని చెప్పింది. ముందు వరస పేరు, తర్వాత రెండు జంట చుక్కలు, ఆ తర్వాత సరుకు పేరు. మొదట పెట్టినవాడిదే ఆ పేరు. నాకు నచ్చింది. మా నాన్నకు ఇంకా నచ్చింది.

"అంటే అమెరికల గూడ నా కాంటా ఉన్నట్టేనా బేటీ?"

"ఉన్నట్టే దాదా."

"కిరాయి ఎవలకు గట్టాలె?"

"కిరాయి లేదు దాదా."

"గట్లయితే మీ నాయిన కన్న నువ్వే హుషారు," అని నవ్వి, కట్టె పట్టుకుని చాయ్ హోటల్ దాకా నడిచాడు. మసీదు దగ్గర చెప్పాడు, మిల్లు మేస్త్రీకి చెప్పాడు. తన పేరు కంప్యూటర్‌లో దునియా అంతా తిరుగుతోందని ఎవరు కనబడితే వాళ్లకు చెప్పాడు.

కొన్ని వారాలకు ఫిజాకు ఒక మెయిల్ వచ్చింది. ఆ గోదాంలో కొత్తగా సరుకు పెట్టేవాళ్లకు సలహాలిచ్చే పెద్దమనిషి ఎవరో రాశాడు. ఫిజా దాన్ని నాకు తెలుగులో చదివి చెప్పింది. పని చాలా బాగుంది, పేరే దాన్ని దాచేస్తోంది. వెతికేవాడు పనిని బట్టి వెతుకుతాడు, ఎక్కడో బ్రెజిల్‌లో కాంటా నడిపేవాడికి చోటే మియా ఎవరో ఎలా తెలుస్తుంది? యంత్రాలతో మాట్లాడే ప్రోగ్రాములకు 'డివైస్' అనే వరస ఉంది, అందులో 'డివైస్::వేబ్రిడ్జ్' అనే పేరు ఖాళీగా ఉంది. ఇప్పుడే మార్చుకోవడం మంచిది. వాడేవాళ్లు పెరిగాక మారిస్తే వాళ్లందరూ తమ ప్రోగ్రాముల్లో పేరు దిద్దుకోవాల్సి వస్తుంది.

"ఏమంటవ్ అబ్బా?"

నేను వ్యాపారిని, అందుకే నాకు తొందరగానే ఎక్కింది. గోదాంలో బస్తా మీద ముందు కనబడాల్సింది లోపలున్నది పెసరా మినుమా అని. దుకాణం పేరు కింద చిన్నగా ఉన్నా చాలు. కాంటా బోర్డుకు పనికొచ్చిన లెక్కను మేము తీసుకెళ్లి బస్తాకు అంటించాం.

"గాయన చెప్పింది సహీ ఉన్నది," అన్నాను.

ఆ వారంలోనే యాదగిరి వచ్చాడు. ఆయనకు గుండ్లపోచంపల్లి దగ్గర కాంటా ఉంది. తాతల భూమి ప్లాట్లు చేసి అమ్మగా మిగిలిన మూలలో పెట్టుకున్నాడు. లెక్కకు పోటీదారుడే, మాటకు మాత్రం స్నేహితుడు.

"మీ బిడ్డ జేసింది మా రాకేష్ పెట్టి చూసిండు భాయ్," అన్నాడు కూర్చుంటూనే. రాకేష్ ఆయన కొడుకు. "మస్తు నడుస్తాంది. గని తీసేసినం."

"ఎందుకన్నా?"

"కంప్యూటర్ తెరుస్తనే చోటేమియా అని పడుతాంది. డ్రైవర్లు చూసి, 'ఏంది పటేలా, కాంటా తురకాయనకు అమ్ముకున్నవా?' అని ఎగతాళి జేస్తాండ్రు. నా గల్లపెట్టె మీద మీ నాయిన పేరుంటే నేను యజమానినా, జీతగాన్నా?"

"పేరు మారిస్తే?"

"ఈ పొద్దే పెట్టుకుంట. నేనే గాదు, గీ రోడ్డు పొంటి ఉన్నోళ్లందరు పెట్టుకుంటరు. అందరం చిట్టీలు చేత్తోనే గీకుతున్నం గదా." లేస్తూ, "మీ నాయినకు చెప్పకు, బాధపడతడు," అన్నాడు.

అక్కడే చిక్కుకున్నాం. పేరు మార్చాలని ఫిజాకు తెలుసు, నాకు తెలుసు. నాన్నతో ఆ మాట ఎవరు అనాలి?

"ఆయన ఉండంగ పేరు తీసుడేంది?" అంది హజీరా. "అసల్ నోట్లకెట్ల వస్తది గా మాట? మొన్ననే దవఖాన్లకెళ్లి వచ్చిండు."

నిజమే, గుండె నొప్పి అని ఆ ఎండాకాలంలోనే ఆసుపత్రిలో ఉండి వచ్చాడు. కాస్త కోలుకోనీ అనుకున్నాం. కోలుకున్నాక రంజాన్ వచ్చింది. ఉపవాసం ఉన్న మనిషితో ఇలాంటి మాట ఎందుకని ఊరుకున్నాం. పండుగ నాడు ఇంటికి వచ్చిన బంధువులందరికీ ఆయన మళ్లీ అదే కథ చెబుతుంటే ఫిజా సేమియా గిన్నె పట్టుకుని తల వంచుకుని నిలబడింది. ఒకసారి, "నేనే అడుగుత అబ్బా, ఒక్క మాటనే గదా," అంది. "జర ఆగు," అన్నాను. సరుకు పాడయ్యేది కాదు, పేరు ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను. నా వ్యాపారంలో ఏ ఖాళీ స్థలాన్నీ అలా వదిలి ఎరగను.

ఒకరోజు పొద్దున్నే ఫిజా ఫోన్ చేసింది.

"పోయింది అబ్బా."

"ఏంది పోయింది?"

"డివైస్ వేబ్రిడ్జ్. ఎవలో పెట్టేసుకున్నరు."

ఏదో దేశంలో ఒకాయన తన కాంటా కోసం రాసుకుని, ఖాళీగా ఉన్న పేరు చూసి పెట్టుకున్నాడు. ఆయన తప్పేమీ లేదు. ఫిజా దాన్ని తెరిచి చూసిందట. ఒక్క రకం డబ్బాకే పనికొస్తుంది, బండి నిలబడేదాకా ఆగదు. అయినా వెతికినవాడికి ముందు అదే దొరుకుతుంది. రాకేష్‌కూ అదే దొరికింది. ఆ రోజుల్లోనే వాళ్ల కాంటాలో పెట్టేశాడు.

నాకు తెలిసిన ఉపాయం చెప్పాను. "దగ్గర పేరే ఇంకోటి పెట్టు బేటా. మేడ్చల్ల చూడు, ఒకడు బిర్యానీ హోటల్ పెడితే పక్కోడు 'న్యూ' అని పెడ్తడు, ఇంకోడు 'ఒరిజినల్' అని పెడ్తడు. అందరివీ నడుస్తలేవా?"

ఫోన్‌లో నవ్వింది. ఏడ్చి ఆపుకున్నాక వచ్చే నవ్వు అది. "అది చేస్తే వెతికేటోళ్లు ఆగమైతరు అబ్బా. ఒకే పనికి రెండు పేర్లుంటే ఏది మంచిదో ఎట్ల తెలుస్తది? గోదాంల గట్ల జెయ్యరు."

సాయంత్రం అలియాబాద్ వచ్చింది. నేను ఆపేలోపే నాన్న మంచం పక్కన కింద కూర్చుని మొత్తం చెప్పేసింది. మెయిల్ సంగతి, యాదగిరి సంగతి, మేము ఆగిన సంగతి. నాన్న కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ విన్నాడు.

"నా పేరెట్ల వచ్చిందో ఎరుకేనా నీకు?" అన్నాడు చివరికి. "నా అసలు పేరు గది గాదు. మా అన్నను బడే మియా అంటుండ్రి, ఎనుక పుట్టిన గనుక నన్ను చోటే అన్నరు. మా ఇంట్ల, మా గల్లీల గా పేరుకు అర్థమున్నది. అవుతల నేనెవనికి చోటే? బ్రెజిలోనికి చోటేనా?"

కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు.

"తీసెయ్యమంటే తీసెయ్యకపోదునా బేటీ. నాకు బోర్డు ఉన్నది, చాలు. నీకు పని నడవాలె. ఒక్క మాట అడిగితే అయిపోతుండె." తర్వాత నా వైపు చూశాడు. "నన్ను అడగనీకి గంత భయమెందుకు మోయిజ్? నేనేమన్న కసాయోన్నా?"

హజీరా చాయ్ తెచ్చింది. ఆయన తాగలేదు. కోపం వల్ల కాదు, మనవరాలి ముఖం చూస్తూ మరిచిపోయాడు.

డివైస్ వేబ్రిడ్జ్ పెట్టుకున్న ఆ బయటి దేశపు మనిషికి ఫిజా రాసింది. బండి నిలబడేదాకా ఆగే భాగం, రకరకాల డబ్బాలను అర్థం చేసుకునే భాగం తన దగ్గర ఉన్నాయని, కావాలంటే తీసుకోమని. ఆయన సంతోషంగా తీసుకున్నాడు, చాలా మర్యాదగా థాంక్స్ చెప్పాడు. ఇప్పుడు ఫిజా పని ఆయన సరుకు లోపల ఉంది. ఏది మార్చాలి, ఏది వద్దు అనే మాట ఆయనది. ఫిజా ఏదైనా బాగుచేస్తే ఆయనకు పంపి, ఆయన ఒప్పుకునేదాకా ఎదురుచూడాలి. చోటేమియా::కాంటా దగ్గర 'దీన్ని ఇకపై చూసుకోవడం లేదు, అక్కడికి వెళ్లండి' అని తనే రాసి పెట్టింది. రాసిన రోజు నాకు చెప్పలేదు. అదీబ్ చెప్పాడు.

"బాధున్నదా?" అని అడిగాను తర్వాత.

"పని నడుస్తాంది గదా అబ్బా," అంది. పాపకు గౌను తొడుగుతూ, నా వైపు చూడకుండా.

ఆ మధ్య ఒక పని మీద గుండ్లపోచంపల్లి పోయి యాదగిరి కాంటాలో ఆగాను. ఇసుక లారీ ఎక్కింది. తెర మీద అంకె ఎగిరింది, పడింది, మళ్లీ ఎగిరింది. ఆపరేటర్ బటన్ నొక్కినా చిట్టీ రాలేదు. బండి ఊపు తగ్గి అంకె కుదురుకున్నాకే వచ్చింది.

"చూసినవా భాయ్?" అన్నాడు యాదగిరి. "మొదట్ల గిట్ల లేకుండె, ఎట్ల నొక్కితే గట్ల అంకె ఇచ్చేది. ఈ నడుమ కొత్తది వచ్చిందట, రాకేష్ పెట్టిండు. ఇగ మోసానికి జాగనే లేదు. ఎవడో బయటి దేశపోడట, మస్తు దిమాక్ గల్లోడు."

"గది మా ఫిజా చేసింది అన్నా."

యాదగిరి తెర మీదికి వంగి చూశాడు. పైన చూశాడు, కింద చూశాడు. తర్వాత నా భుజం మీద చెయ్యి వేశాడు.

"మీ బిడ్డ జేసింది మంచిగనే ఉండె, నేను కాదంటలేను. గని అది వేరే భాయ్. దాని మీద మీ నాయిన పేరుండె."

ఫిజా పని దీని లోపల ఉంది అంటే లోపల ఎక్కడ అంటాడు. చూపించడానికి నాకు ఆ ప్రోగ్రాం చదవరాదు. ఈలోపు వెనక లారీ హారన్ కొట్టింది. యాదగిరి చేయి ఊపి దాన్ని రమ్మన్నాడు. నేను పక్కకు జరిగి దారి ఇచ్చాను.