గీరేసిన ముఖం

నేను ఒక రంగుల కత్తిని. పేరుకే కత్తిని, నాతో టమాటా కూడా తెగదు. రంగులు కలపడం, పూసింది నచ్చకపోతే గీరేయడం, అంతే నా పని.

నన్ను కొన్నది ఏలూరులో సినిమా బ్యానర్లు రాసే దానియేలు. అతను వేసే హీరో కన్ను ఒక్కటే గుమ్మమంత ఉండేది. ఫ్లెక్సీలొచ్చి పని పోయాక, చిత్రకళ చదివిన కూతురు సలోమికి నన్ను ఇచ్చేశాడు.

సలోమి ఒకసారి ఢిల్లీ వెళ్లి గైతోండే అనే చిత్రకారుడి బొమ్మ చూసొచ్చింది. అలాగే రంగులే వేసే అమెరికా చిత్రకారుడు రోత్కో బొమ్మల పుస్తకం కొనుక్కుంది. "మనిషి లేడు, చెట్టు లేదు, రంగొక్కటే. అయినా ఏడుపొచ్చిందమ్మా" అని తల్లి మార్తమ్మతో అంది. అప్పట్నుంచి ఆమె బొమ్మల్లో రూపాలు మాయమయ్యాయి. మనుషులు విచిత్రం. ఒకరు స్వేచ్ఛగా చేసింది ఇంకొకరికి నియమమైపోతుంది.

దానియేలు ఊపిరితిత్తులు పాడయ్యాయి. మంచంలోంచే అడిగాడు: "నేను పోయాక గోడకి పెట్టుకోడానికి నా బొమ్మ వెయ్యవే."

వేసింది. అచ్చం అతనే. కానీ ఆమెకు అందులో ఆ దగ్గు, ఆ ఆయాసం కనపడలేదు. నన్ను అందుకుని ముఖమంతా గీరేసింది. తడి రంగులో అతని కళ్లు చెదిరిపోతుంటే నాకు చేతులుంటే ఆపేవాణ్ణి. బూడిదరంగు పొరలు మిగిలాయి.

దానియేలు మంచంలోంచే దాన్ని చూశాడు.

"ఊపిరాడనట్టుందే ఇది."

"అదే నాన్నా నేను వేసింది!"

"మరి ఇందులో నేనెక్కడున్నానే?"

సలోమి మళ్లీ వేద్దామనుకునే లోపే అతను పోయాడు. తర్వాత ఎన్నిసార్లు కూర్చున్నా ఆ ముఖం చేతికి రాలేదు. "ఆ గైతోండే, రోత్కో రూపాన్ని ఎందుకు వదులుకున్నారో వాళ్లకి తెలుసు. నేను వాళ్లని చూసి వదిలేశాను" అని తల్లి ఒళ్లో తలపెట్టి ఏడ్చింది. మార్తమ్మ రేషన్ కార్డు కోసం తీయించిన భర్త ఫొటోకి అద్దం కట్టించి తెచ్చి, ఆ బొమ్మ కింద మేకు కొట్టి తగిలించింది.

విజయవాడలో ప్రదర్శన పెట్టేవాళ్లు బొమ్మ కోసం వచ్చారు.

"అద్భుతం మేడమ్! ఆ ఫొటో మాత్రం తీసేద్దాం. బొమ్మ స్థాయి తగ్గిస్తోంది."

సలోమి బొమ్మకేసి చూసింది. ఫొటోకేసి చూసింది.

"రెండూ కలిపే బొమ్మ. తీసికెళ్తే రెండూ తీసికెళ్లండి."

వాళ్లు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. మార్తమ్మ లేచి, కొంగుతో ఫొటో అద్దం తుడిచి వాళ్ల చేతికిచ్చింది.