మడ్డి తేరేదాకా

థార్న్‌బెక్‌లో ఏటా ఆగస్టులో జరిగే ఊరి పంటల, వంటల ప్రదర్శనలో ఇంట్లో కాచిన బీరుకి ఒక బల్ల వేస్తారు. మొదటి బహుమతి ఎర్ర అట్ట ఎవరిదో చెప్పడానికి జడ్జి అక్కర్లేదు, క్లారెన్స్‌ది. రెండో బహుమతి నీలం అట్ట ఎవరిదో చెప్పడానికీ అక్కర్లేదు, ఎడ్నాది. వంటింటి గోడ నిండా ఆ నీలం అట్టలే. గోడకి రంగు వేయించే ఖర్చు తప్పిందని ఆమె భర్త సెడ్రిక్ వచ్చినవాళ్లందరికీ చెబుతుంటాడు.

ఎడ్నాకి బీరు కాయడం నేర్పింది పక్కింటి క్లారెన్సే. మొలకెత్తించిన బార్లీ మాల్ట్‌ని ఎంత వేడిలో నానబెట్టాలో, చేదు కోసం హాప్స్ పువ్వులు ఎప్పుడు వేయాలో అన్నీ ఓపిగ్గా చెప్పాడు. ఆ ఓపికంతా అక్కడే అయిపోయినట్టుంది. ప్రతి ఏడూ ఆమె బీరు ఒకే ఒక్క గుక్క తాగి, గ్లాసు బల్ల మీద పెట్టేసి, "తాగొచ్చు" అని వెళ్లిపోతాడు. ఆ మాటకి ఎడ్నాకి ఒళ్లు మండిపోతుంది. ఈసారి ఎర్ర అట్ట చేతిలో పట్టుకుని ఆయన మొహం చూడాలని పంతం పట్టింది. బీరు కూడా అలాగే కుదిరింది.

ప్రదర్శన రోజు పొద్దున సీసాలు ఒళ్లో పెట్టుకుని కారులో కూర్చుంది. పక్కింటి గుమ్మంలో మోకాలి ఆపరేషనైన క్లారెన్స్ కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఎక్కండి, తీసుకెళ్తాం," అంది.

"మీ ఆయన నడిపే కారులోనా? నా సీసాలు గుండాగి చస్తాయి అమ్మాయ్."

అరవై దాటిన మనిషిని ఆయన ఇంకా అమ్మాయ్ అనే పిలుస్తాడు. సెడ్రిక్ పళ్లు నూరుకుంటూ కారు కదిలించాడు. ఎడ్నా ఒళ్లో సీసాలు కదలకూడదని నత్తలా పోనిచ్చాడు. వెనక ట్రాక్టరువాడు దారి పొడుగునా హారన్ కొడుతూనే ఉన్నాడు.

ఇంట్లో కాచే ఆ రకం బీరు సీసాలోనే పులిసి, ఈస్ట్ అడుగున మడ్డిగా పేరుకుంటుంది. కుదుపు తగిలితే మడ్డి లేచి సీసా మొత్తం బురద నీళ్లే. మళ్లీ తేరాలంటే గంటైనా కదపకుండా ఉంచాలి. సీసాల్ని కదపకూడదని ఊరందరికీ పాఠం చెప్పిన క్లారెన్స్, తన సీసాల్ని తోటపని తోపుడుబండిలో పడేసి, రాళ్లు పరిచిన వీధంతా గడగడలాడించుకుంటూ తెచ్చాడు.

ప్రదర్శన టెంటులో ఆయన తన సీసాని వెలుతురుకి ఎత్తి చూశాడు. ఎడ్నా కూడా చూసింది. బురదే. క్లారెన్స్ సీసాలు బల్ల మీద పెట్టి, కుర్చీలో కూలబడి, కర్ర వంక చూస్తూ ఉండిపోయాడు.

ఎడ్నాకి ఎగిరి గంతేయాలనిపించింది. ఎర్ర అట్ట వచ్చినట్టే. కానీ అంత పెద్దమనిషి అలా తల దించుకుని కూర్చుంటే చూడలేకపోయింది. పైగా ఇలా వస్తే ఆ అట్ట తోపుడుబండికి ఇవ్వాలి గానీ తనకెందుకు? తనలో తనే తిట్టుకుంటూ టెంటు గుమ్మానికి పరిగెత్తింది. జడ్జి పికర్స్‌గిల్ అప్పుడే లోపలికి వస్తున్నాడు.

"ముందు మా ఆయన పోటీకి పెట్టిన ఉల్లిగడ్డలు చూద్దురుగాని రండి!"

"ఉల్లిగడ్డలకి జడ్జిని నేను కాదమ్మా."

"అందుకే మిమ్మల్ని చూడమంటున్నా. ఆ జడ్జికి కళ్లు ఆనవు."

చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి సెడ్రిక్‌కి అప్పజెప్పింది. ఉల్లిగడ్డల గురించి చెప్పమని సెడ్రిక్‌ని జన్మలో ఎవరూ అడగలేదు. విత్తనం దగ్గర మొదలుపెట్టాడు. ఎరువు దగ్గరికి వచ్చేసరికి టీ అయిపోయింది. తెగుళ్ల దగ్గరికి వచ్చేసరికి పికర్స్‌గిల్ రెండో పోర్క్ పేస్ట్రీ తినేశాడు. "పారిపోనివ్వకు," అని ఎడ్నా భర్త చెవిలో అని, మధ్యమధ్య బీరు బల్ల వైపు తొంగి చూసింది. మడ్డి నెమ్మదిగా దిగుతోంది.

చివరికి జడ్జి వచ్చి పోసి చూసేసరికి క్లారెన్స్ బీరు రాగి రంగులో తేటగా మెరిసింది. ఎర్ర అట్ట ఆయనకే. నీలం అట్ట ఎడ్నాకి.

"గోడ మీద ఇంకా చోటుంది," అన్నాడు సెడ్రిక్. ఎడ్నాకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

క్లారెన్స్ కర్ర పొడుచుకుంటూ వచ్చాడు.

"పికర్స్‌గిల్‌కి ఉల్లిగడ్డలు చూపించావట."

"అడిగాడు, చూపించాం."

"ఉల్లిగడ్డలు తింటే ఆయనకి ఒళ్లంతా దద్దుర్లు, అమ్మాయ్."

ఎడ్నా బల్ల మీద గ్లాసులు సర్దడం మొదలుపెట్టింది. క్లారెన్స్ ఆమె బీరు పోసిన గ్లాసు అందుకుని ఒక గుక్క తాగాడు. గ్లాసు బల్ల మీదికి దిగుతుందని, ఆ దిక్కుమాలిన మాట వస్తుందని ఆమె ఎదురుచూసింది. రాలేదు. రెండో గుక్క తాగాడు. ఆగి, మిగిలిందంతా తాగేసి, ఖాళీ గ్లాసు ఆమె ముందుకి చాపాడు.

"ఇంకో గ్లాసు పొయ్యి."

ఎడ్నా సీసా వంచింది. తొందరలో మరీ వంచేసరికి అడుగున ఉన్న మడ్డి గ్లాసులోకి జారింది. క్లారెన్స్ అది చూశాడు. చూసి, మడ్డితో సహా తాగేశాడు.