పదేళ్లకు తెరిచే డబ్బా

మా ఇంట్లో బొమ్మలు వేసిన పింగాణీ పళ్లేలు మూడు వందల పన్నెండు ఉన్నాయి, తినడానికి కాదు, ధర పెరిగేదాకా దాచడానికి. మేం మాత్రం కాగితం పళ్లేల్లో తింటాం, అలమరల్లో ఇంకే పళ్లేనికీ చోటు లేదు కాబట్టి. నెలకోసారి చేతులకి నూలు తొడుగులు వేసుకుని ఒక్కొక్కటే తీసి తుడవాలి. మళ్లీ అదే కాగితంలో చుట్టి అదే పెట్టెలో పెట్టాలి. పెట్టె మూల నలిగినా విలువ పోతుందట. జనవరిలో ఆ ఆదివారం ఉదయం నేను నూట నలభయ్యో పళ్లెం దగ్గర ఉండగా మా ఆయన డెల్బర్ట్ గుమ్మంలో నిలబడ్డాడు.

"నీ కుట్టు మిషను బేస్‌మెంట్‌లో పెట్టేసుకో. ఆ వెనక గది నాకు కావాలి. గుడ్డ బొమ్మలు ఇంకో అరవై పెట్టెలు వస్తున్నాయి."

"కిందంతా చెమ్మ. వెలుతురు కూడా ఉండదు."

"లైటేసుకో. నువ్వక్కడ చేసే ఘనకార్యం ఏముంది, నాలుగు ప్యాంట్లు పొట్టి చెయ్యడమేగా! ఈ బొమ్మలు పదేళ్లకి మనల్ని కూర్చోబెట్టి మేపుతాయి, చూస్తూ ఉండు."

సరేనన్నాననుకుంటా. ఈమధ్య నేనేమన్నానో నాకే గుర్తుండటం లేదు. ఇంట్లో నేను తలుపు వేసుకుని కూర్చోగలిగేది ఆ గది ఒక్కటే. అది పోతుందంటే ఏడుపు రావాలి, కనీసం కోపమైనా రావాలి. పన్ను పీకేటప్పుడు మత్తుసూది వేస్తే పెదవి ఉందో లేదో తెలియదే, అలా ఉంది లోపల. ముప్పై ఏళ్లుగా వింటున్న మాటలే. ముట్టుకోకు. అది వాడేది కాదు. నీకేం తెలుసు. మా అమ్మాయి బెత్ ఎనిమిదో పుట్టినరోజుకి కొన్న బొమ్మ పెట్టెని ఆయన విప్పనివ్వలేదు. ఆ పిల్ల పెట్టెకున్న ప్లాస్టిక్ కాగితం మీంచే బొమ్మకి తల దువ్వేది. అది చూసి ఆ రోజు నేను నవ్వాను, ఇప్పటికీ సిగ్గేస్తుంది. పోయిన వేసవిలో బర్గర్ల హోటల్లో పిల్లల భోజనంతో పాటు ఇచ్చే గుడ్డ బొమ్మ కోసం రోజుకి ఆరు పొట్లాలు కొనుక్కొచ్చేవాడు. బొమ్మలు ఆయనకి, చల్లారిన బన్నులు నాకు.

మధ్యాహ్నం లైబ్రరీ హాల్లో సేకరణదారుల సంఘం సమావేశం. ఒహాయోలోని మా ఊళ్లో ఏటా జరిగే తంతే. ఇవాళ ఇంటింటా ఉన్న వస్తువుల్లో పదేళ్ల తర్వాత జనం ఎగబడి కొనేదేదో ఒక్కొక్కరూ చీటీ మీద రాసి, కవరులో పెట్టి అంటించి, కాఫీ డబ్బాలో వేస్తారు. పదేళ్ల కిందటి డబ్బా అదే రోజు తెరుస్తారు. రాసేది మగవాళ్లు. ఆడవాళ్లం కేకు కోస్తాం.

1989 డబ్బా తెరిచి అధ్యక్షుడు హార్లన్ గారు చీటీలు చదవసాగారు. అందరూ పళ్లేలనే రాశారు. ఆ పళ్లేలు ఇప్పుడు ఊరికే ఇచ్చినా ఎవరూ తీసుకోరు. డెల్బర్ట్ చీటీ ఒక్కటే వేరుగా ఉంది.

"రంగురంగుల అల్యూమినియం గ్లాసులు. ఇప్పుడందరూ చెత్తలో వేస్తున్నారు. వాటిల్లో పాలు తాగిన పిల్లలు పెద్దయ్యాక వెతుక్కుంటారు. దాచుకున్న వాటిని ఎవరూ వెతకరు."

హాలంతా చప్పట్లు. ఆ గ్లాసులు ఇప్పుడు సంతలో కంటికి కనబడితే చాలు, ఎగరేసుకుపోతున్నారు. ఆ చీటీలో అక్షరాలు నావి. మాటలూ నావే. ఆ ఏడు చీటీ ఇంటికే తెచ్చుకుని, డెల్బర్ట్ టీవీలో ఆట చూస్తూ, "నువ్వే ఏదో ఒకటి గిలికెయ్, నాకు చేతులు ఖాళీ లేవు" అన్నాడు. చేతుల్లో చిప్స్ గిన్నె ఉంది.

"ఎలా కనిపెట్టావయ్యా?" అన్నారు హార్లన్ గారు.

"అది పుట్టుకతో రావాలండీ. నేర్పితే వచ్చేది కాదు," అన్నాడు డెల్బర్ట్. ఇటు తిరిగి, "లొరెట్టా, కేకు ఇంకో ముక్క తే" అన్నాడు.

ఆయన ముఖంలోకి చూశాను. అబద్ధమాడటం లేదు. నిజంగానే తను రాశాననుకుంటున్నాడు. అబద్ధమైనా బాగుండేది, అబద్ధమాడేవాడికి నేనొకదాన్ని ఉన్నట్టు తెలుస్తుంది కదా.

కేకు అందుకుని కొత్త చీటీ, పెన్నూ నా ముందుకు తోశాడు. "గుడ్డ బొమ్మలని రాయి. కాస్త గుండ్రంగా రాయి."

"నువ్వే రాసుకో," అని పెన్ను ఆయన పళ్లెం పక్కన పెట్టి, బల్ల మీంచి ఇంకో కవరూ, చీటీ తీసుకున్నాను.

హార్లన్ గారు నవ్వారు. "ఏమ్మా, నువ్వూ దిగావా బరిలోకి? మరి కేకెవరు కోస్తారు?"

"కత్తి అక్కడే ఉందండీ."

ఎవరో కిసుక్కుమన్నారు. చీటీలో ఏం రాశానో పదేళ్లకి వాళ్లే చదువుకుంటారు. కవరు మీద నా పేరు రాశాను.

"చిరునామా కూడా వెయ్యమ్మా. గెలిస్తే కబురు పంపాలిగా," అన్నారాయన.

మూడో వీధిలో లాండ్రీ నడిపే మావ్‌రీన్ రెండు నెలలుగా తన మేడ మీది గది గురించి చెబుతోంది. తూర్పు కిటికీ ఉందట. కుట్టు పని తనే ఇస్తానంది. నేను చూస్తాలే, చూస్తాలే అంటున్నాను. పెన్ను ఆగలేదు.

డెల్బర్ట్ భుజం మీంచి తొంగి చూశాడు. "నీ మతిమరుపు తగలెయ్య, మనింటి నంబరు కూడా మర్చిపోయావా? అది లాండ్రీ చిరునామా కదే!"

"రేపట్నుంచి నాది," అని కవరు అంటించి డబ్బాలో వేశాను.